సంపుకు సెన్సారు, చదువుకు సెలవా?

ప్రశ్న: మేము అనంతపురం నుంచి వచ్చి పదిహేనేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాము. మా అబ్బాయి ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాడు. స్టీవ్ జాబ్స్ జీవితంపై 2013లో వచ్చిన సినిమా చూసినప్పటి నుంచి చదువు మానేసి, ఇద్దరు మిత్రులతో కలిసి అపార్ట్‌మెంట్ల నీటి సంపులకు సెన్సార్లు తయారుచేసి అమ్ముతానని పట్టుబడుతున్నాడు. ఏమి చెప్పమంటారు?

జవాబు: అయ్యా, మీ ఉత్తరం అందాక అబ్బాయిని ఒకసారి రమ్మని కబురు చేశాను, శనివారం వచ్చాడు. మూతకు రంధ్రం చేసి వైర్లు బయటికి తీసిన ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాను నా బల్ల మీద పెట్టి, నీరు తగ్గగానే వాచ్‌మన్ ఫోనుకు సందేశం ఎలా వెళుతుందో బకెట్ నీళ్లతో చూపించాడు. పరికరం పనిచేసింది. వేసవి వస్తే ట్యాంకరు కోసం ఎదురుచూసే ఈ నగరంలో దాని అవసరం ఎవరికైనా తెలిసినదే కనుక, ఇదంతా సినిమా పిచ్చి అని నేను కొట్టిపారేయలేను. అయితే ఒక్కొక్కటి 1,400 రూపాయలలో తయారవుతుందని అతడు వేసిన లెక్కలో ఎస్‌పీ రోడ్డులో కొన్న విడిభాగాల ధర ఉన్నదే తప్ప, చెడిపోయినప్పుడు వెళ్లి బాగుచేసి రావడానికయ్యే ఖర్చు గానీ, ముగ్గురి శ్రమ గానీ లేవు.

జాబ్స్ 1972లో రీడ్ కళాశాలలో చేరి ఒక్క సెమిస్టరుతో చదువు వదిలిన మాట నిజమే. కానీ ఆ తరువాత కూడా దాదాపు 18 నెలలు అక్కడే ఉండి తనకు నచ్చిన తరగతులలో కూర్చున్నాడు. అతడి కంప్యూటర్ సంస్థ ఆపిల్ మొదలైనది 1976 ఏప్రిల్ 1న. అంటే అతడు చదువు మానినది ఆపిల్ కోసం కాదు. ఆపిల్ తొలి కంప్యూటరును రూపొందించిన జాబ్స్ భాగస్వామి స్టీవ్ వోజ్నియాక్, సంస్థ పెట్టాక కూడా నెలల తరబడి హ్యూలెట్ ప్యాకార్డ్‌లో ఉద్యోగం చేస్తూనే ఉన్నాడు. మధ్యలో ఆగిన డిగ్రీని 1986లో బర్కిలీ విశ్వవిద్యాలయంలో పూర్తిచేశాడు. మీవాడు తెర మీద జాబ్స్‌నే చూసుకున్నాడు గానీ, ఆ టిఫిన్ డబ్బా చూస్తే నాకు వోజ్నియాక్ గుర్తుకు వచ్చాడు.

జాబ్స్ నుంచి నేర్చుకోవలసినది మరొకటి ఉన్నది. బైట్ షాప్ అనే దుకాణం యజమాని పాల్ టెరెల్, ఒక్కొక్కటి 500 డాలర్ల చొప్పున 50 కంప్యూటర్లకు ఆర్డరిచ్చాడు. విడిభాగాలు కొనడానికి చేతిలో డబ్బు లేని జాబ్స్ ఆ ఆర్డరునే చూపి, సరఫరాదారు దగ్గర 30 రోజుల అరువు సంపాదించాడు. గడువు తీరేలోగా బోర్డులు బిగించి అప్పగించి, వచ్చిన డబ్బుతో బాకీ తీర్చాడు. పెట్టె, కీబోర్డు లేని వట్టి బోర్డులు చూసి టెరెల్ నిరాశపడ్డాడు, అయినా డబ్బు చెల్లించాడు. అపార్ట్‌మెంటు సంఘాలు అంత ఉదారంగా ఉండవు. కమిటీ సమావేశం జరిగి, కోశాధికారి సంతకం పెట్టేదాకా బిల్లు కదలదు. అరువు గడువు ముందు ముగుస్తుందా, బిల్లు ముందు వస్తుందా అన్నదే మీవాడు తేల్చుకోవలసిన లెక్క.

మిత్రుల వాటాల గురించి కూడా ఒక మాట. ఆపిల్ మూడో భాగస్వామి రొనాల్డ్ వేన్, అప్పులు తన సొంత ఆస్తికి చుట్టుకుంటాయన్న భయంతో 12 రోజులకే తప్పుకుని, తన 10 శాతం వాటాను 800 డాలర్లకు వదులుకున్నాడు. అతడిని చూసి నవ్వేవారు చాలామందే ఉన్నారు, నేను నవ్వను. మన 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం కూడా సంస్థ అప్పుకు ప్రతి భాగస్వామీ సొంతంగా బాధ్యుడే. కాబట్టి ముగ్గురూ దేనిపైనైనా సంతకం చేసే ముందు ఒక చార్టర్డ్ అకౌంటెంట్‌ను కలవనివ్వండి.

ప్రస్తుతానికి కళాశాల మానవద్దని, పరికరాన్నీ మానవద్దని చెప్పండి. ఈ సెమిస్టరు ముగిసేలోగా ఒక్క సంఘం నుంచి పది సెన్సార్లకు లిఖితపూర్వకమైన ఆర్డరు తెచ్చి, దానిని చూపి ఎస్‌పీ రోడ్డు దుకాణదారుని 30 రోజుల అరువు అడగమనండి. ఆ ఆర్డరు మాత్రం మీ అపార్ట్‌మెంటు సంఘం నుంచి కాకుండా చూడండి. అక్కడ మీ ముఖం చూసి కొంటారు.