రూల్స్ మాకేనా, మా సార్‌కి ఉండవా?

ప్రశ్న: నా వయసు 34. పోలీసు శాఖలో కానిస్టేబుల్‌గా పదకొండేళ్ల సర్వీసు. రెండు డ్యూటీల మధ్య 10 గంటల విరామం ఉండాలని మా నియమావళిలో ఉంది. మా స్టేషన్ అధికారికి అది పట్టదు. రాత్రి రెండింటికి వదిలి, పొద్దున ఏడింటికి రోల్ కాల్‌కి రమ్మంటారు. డ్యూటీ రిజిస్టర్‌లో మాత్రం రాత్రి పదింటికే దిగినట్టు రాసి సంతకం పెట్టమంటారు. తూటాలు లెక్క చూడకుండానే ఆయుధాల రిజిస్టర్‌లోనూ సంతకం. ఆదేశాలన్నీ నోటిమాటే. మేం ఐదు నిమిషాలు ఆలస్యమైతే మాత్రం మెమో. ఆ కోపమంతా ఇంట్లో భార్య మీద, ఏడేళ్ల కూతురి మీద చూపిస్తున్నాను. ఉద్యోగం మానేయమంటోంది ఆమె. ఒక్కోసారి ఈ బతుకెందుకు అనిపిస్తోంది. ఫిర్యాదు చేయాలా, నోరు మూసుకోవాలా?

జవాబు: ముందు ‘ఈ బతుకెందుకు’ అన్న మాట సంగతి చూద్దాం. అది విసుగులో వచ్చిన మాటా, నిజంగా చనిపోవాలన్న ఆలోచనా? రెండోదైతే కింద రాసిందంతా తర్వాత చదువుకోవచ్చు. ఇవాళే మీ ఆయుధాన్ని అప్పగించేయండి. భార్యకో, నమ్మకమైన తోటి ఉద్యోగికో ఉన్నదున్నట్టు చెప్పి, వాళ్లను వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. అలాంటి ఆలోచన ఉధృతంగా ఉండేది చాలాసార్లు కాసేపే. ఆ కాసేపు తుపాకీ చేతికందే దూరంలో లేకపోతే ప్రాణం నిలుస్తుంది. ఆయుధం అప్పగిస్తే పిరికివాడంటారేమోనని మీ వృత్తిలో చాలామంది వెనకాడతారు. అననివ్వండి.

ఇక మీ సార్ సంగతి. మీ కోపంలో మూడు వేరువేరు విషయాలు కలిసిపోయాయి. మీ మీద ఎగిరిపడటం, ఐదు నిమిషాలకు మెమో ఇవ్వడం ఒకటి. విరామం ఇవ్వకపోవడం ఇంకొకటి. తప్పుడు టైమ్ కింద మీ సంతకం మూడోది. మొదటిది ఆయన స్వభావం, దాన్ని మార్చడం మీ వల్ల కాదు, వదిలేయండి. రెండోది నిబంధన ఉల్లంఘన, కాగితాల మీద, కొంచెం ఓపికతో తేలాల్సింది. మూడోదానిలో మాత్రం తప్పు ఆయనది ఒక్కడిదే కాదు, మీదీ ఉంది. నాకు తోచినంతలో మిమ్మల్ని లోలోపల తినేస్తున్నది అదే. ఎవరి అనుమతీ అక్కర్లేకుండా ఈ రాత్రి నుంచే మీరు ఆపగలిగిందీ అదే.

ఆ సంతకం ఎంత దూరం వెళ్తుందో చూడండి. రాత్రి రెండింటికి బయల్దేరిన మీకు దారిలో ప్రమాదం జరిగిందనుకోండి. రిజిస్టర్ ప్రకారం మీరు పదింటికే దిగారు. ఆ నాలుగు గంటలు ఎక్కడున్నారు? డ్యూటీ మీద జరిగిన ప్రమాదానికి వచ్చే పరిహారం దగ్గర మొదటి ప్రశ్న ఇదే అవుతుంది. లేదా పదకొండున్నరకి లాకప్‌లో ఎవరికో దెబ్బ తగిలింది, మీరు అక్కడ ఉన్నట్టు సాక్షి చెబుతాడు, రిజిస్టర్ లేరంటుంది. ఎదుటి లాయరుకు అలాంటి ఎంట్రీ ఒక్కటి దొరికితే చాలు, మీరు చెప్పిన మిగతా సాక్ష్యం మొత్తాన్నీ అదే తాడుతో కడతాడు.

కాబట్టి దిగేటప్పుడు సంతకం పక్కన మీ చేత్తో ‘దిగిన సమయం రాత్రి 2.10’ అని రాయండి. వాళ్లు రాసిన పది మీద దిద్దవద్దు, కొట్టివేయవద్దు. దిద్దితే రికార్డు తారుమారు చేశారన్న నేరం మీ మీదికి వస్తుంది. రాయనివ్వకపోతే బల్ల దగ్గర వాదన పెట్టుకోకండి, ఆ రాత్రే అధికారికి మెసేజ్ పంపండి: ‘సార్, రాత్రి 2.10కి డ్యూటీ దిగాను. రిజిస్టర్‌లో 10.00 అని ఉంది. సరిచేయగలరు.’ అంతే. దండాలూ వద్దు, దెప్పిపొడుపులూ వద్దు.

ఆయుధాల రిజిస్టర్‌కీ ఇదే పద్ధతి. తుపాకీ మీద చెక్కిన నంబరు చదివి రిజిస్టర్‌తో పోల్చుకోండి, తూటాలు అరచేతిలో పోసుకుని లెక్కపెట్టండి, ఆ తర్వాతే సంతకం. రెండు నిమిషాల పని. ఆ టైమ్ కూడా ఇవ్వకపోతే పక్కన ‘లెక్కించలేదు’ అని రాసి సంతకం చేయండి. పది ఉన్నాయని సంతకం పెట్టిన చోట తొమ్మిదే తేలితే ఆ తక్కువైన తూటాకు జవాబుదారీ మీరే. లెక్క చూడొద్దన్న మనిషి ఆరోజు అక్కడ కనిపించడు.

నోటిమాట ఆదేశాలకు మందు కూడా మెసేజే. ‘సార్, మీరు చెప్పినట్టు ఇప్పుడు ఫలానా చోటికి బయల్దేరుతున్నాను, సమయం 9.40’ అని పంపండి. ఇందులో ఎదురు చెప్పడమేమీ లేదు, విధేయంగానే ఉంది. కానీ ఆదేశానికి తేదీ, వేళ వచ్చేశాయి.

ఇప్పుడు విరామం సంగతి. పేజీ నంబర్లు వేసిన బైండు పుస్తకం ఒకటి కొనండి. విడి కాగితాలైతే తర్వాత అల్లినవంటారు. నాలుగు వారాలు, ఏ రోజుది ఆ రోజే: ఎక్కిన వేళ, దిగిన వేళ, మళ్లీ రమ్మన్న వేళ, ఎవరు చెప్పారు, పక్కన ఎవరున్నారు. ఆయన అన్నమాట ఆయన మాటల్లోనే రాయండి. ‘అహంకారి’, ‘కక్ష’ లాంటి మాటలు ఒక్కటి కూడా రానివ్వకండి. పుస్తకం ఇంట్లో ఉండాలి. కేసు ఫైళ్ల పేజీలు, నిందితుల వివరాలు ఫోన్లో ఫొటోలు తీయకండి, గెలిచే ఫిర్యాదు అక్కడే తలకిందులవుతుంది.

మరో గడి తప్పక ఉండాలి: ఆరోజు నిజంగా అత్యవసరమేనా? విరామ నిబంధనల్లో దాదాపు ఎక్కడైనా అత్యవసర పరిస్థితికి మినహాయింపు ఉంటుంది. మీలాంటి ఫిర్యాదులు ఎక్కువగా జారిపడేది అక్కడే. మొత్తం 28 రోజుల్లో పన్నెండుసార్లు విరామం తగ్గిందని మీరంటారు, ఆ రాత్రి అల్లర్లు, ఈ రాత్రి హత్య అని ఆయన ఐదు చూపిస్తారు, మీ మాట చులకనైపోతుంది. ఆ ఐదూ మీరే ముందు తీసేసి, ఏ గొడవా లేని మామూలు రాత్రులు ఏడు మిగిలాయని చెప్పండి. ఏడుకు జవాబు చెప్పడం కష్టం.

ఆయన ఇలా ఎందుకు చేస్తారంటే, చాలా స్టేషన్లలో మంజూరైన పోస్టులు ఒక లెక్క, హాజరయ్యే మనుషులు ఇంకో లెక్క. పైనుంచి ఒత్తిడి వస్తే కాదనని వాడినే పిలుస్తారు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి. ఇది ఆయన్ని వెనకేసుకు రావడం కాదు. ఎలా అడిగితే పని జరుగుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. రోల్ కాల్‌లో అందరి ముందు కాదు, డ్యూటీ దిగే వేళా కాదు, ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు కూర్చుని ఒకే ఒక్కటి అడగండి: ‘సార్, పోయిన నాలుగు వారాల్లో ఏడుసార్లు పది గంటల విరామం దొరకలేదు. రాత్రి పన్నెండు దాటి దిగిన రోజు, మర్నాడు రోల్ కాల్ నుంచి మినహాయించగలరా?’ రూల్ పాటించమంటే ఎవరికైనా అహం అడ్డొస్తుంది. రోస్టర్‌లో ఒక గడి మార్చమంటే మారుస్తారు, అన్నిసార్లూ కాకపోయినా.

మార్చకపోతే రాతపూర్వకంగా. ముందు ఆయనకే, ఆ తర్వాతే పైవారికి. మెట్టు దాటడమే చాలాచోట్ల క్రమశిక్షణ ఉల్లంఘన. ఒక పేజీ చాలు: నిబంధన సంఖ్య, ఏడు తేదీలు, గంటలు, మీరు కోరేది. నకలు మీద అందినట్టు సంతకమో ఇన్‌వర్డ్ నంబరో వేయించుకోండి, అది లేని ఫిర్యాదు ఇవ్వనట్టే లెక్క. ఎన్ని రోజుల్లోపు ఇవ్వాలో గడువుంటుంది, ముందే చూసుకోండి. సంఘం ఉంటే వాళ్లతో మాట్లాడండి. పోలీసులకు సంఘం పెట్టుకునే హక్కు ఎంతవరకు ఇవ్వాలన్నది అంతర్జాతీయ కార్మిక సంస్థ 1948 నాటి 87వ ఒప్పందం ఆయా దేశాల చట్టాలకే వదిలేసింది. కాబట్టి మీ దగ్గర ఏది చెల్లుతుందో తెలుసుకుని అడుగు వేయండి. ఆకాశరామన్న ఉత్తరం మాత్రం వద్దు. ఎవరు రాశారో స్టేషన్లో మర్నాటికే తెలిసిపోతుంది, రక్షణ మాత్రం ఎవరికీ ఉండదు. సోషల్ మీడియా అంతకన్నా వద్దు.

ఫిర్యాదు వెళ్లాక ఎదురుదెబ్బ తప్పదనుకునే సిద్ధపడండి. మీ పాత ఆలస్యాలన్నీ బయటికి తీస్తారు. అందుకే ఈ నాలుగు వారాలూ ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాకండి. ‘మేమూ ఉన్నాం’ అన్నవాళ్లలో సగం మంది జారుకుంటారు, వాళ్లకూ సంసారాలున్నాయి, పగ పెట్టుకోకండి. మెమో వస్తే గడువులోగా నాలుగు వాక్యాల్లో జవాబివ్వండి. ఫిర్యాదు తర్వాత వచ్చిన ప్రతి కష్టమైన డ్యూటీని అదే పుస్తకంలో రాయండి, కక్ష సాధింపని మీరు అనక్కర్లేదు, తేదీలే ఆ మాట చెబుతాయి.

పైదంతా ‘ముందు పాటించు, తర్వాత అడుగు’ అన్న పద్ధతి. అది చెల్లని చోటు ఒకటుంది: కొట్టమనడం, సాక్ష్యం మార్చమనడం, అరెస్టు చేసిన వేళ తప్పుగా వేయమనడం. అక్కడ మొదటే ‘నేను చేయలేను సార్’ అనాలి. పోలీసుల్లాంటి చట్టం అమలు చేసే అధికారుల కోసం ఐక్యరాజ్య సమితి 1979లో ఆమోదించిన ప్రవర్తనా నియమావళి, దాని ఉల్లంఘన జరిగితే పైవారికి తెలపడం మీ బాధ్యతేనంటుంది. 1990లో బలప్రయోగం మీద చేసిన సూత్రాలు, అక్రమంగా బలం వాడమన్న ఆదేశాన్ని నిరాకరించినవాడిని శిక్షించకూడదంటాయి. మనిషి చనిపోయినా, తీవ్రంగా గాయపడినా, అది అక్రమమని తెలిసి, కాదనే వీలుండి కూడా చేసినవాడు ‘పైవారు చెప్పారు’ అంటే చెల్లదని కూడా అవే అంటాయి. ఇవి నేరుగా మీ సర్వీస్ రూల్స్ కావు, మీ చట్టంలో వీటికి సరిపడే నిబంధన ఏదో చూసి ఉంచుకోండి.

ఇక ఇల్లు. అత్త మీద కోపం దుత్త మీద తీసినట్టు ఏడేళ్ల పిల్ల మీద తీస్తున్నారు. ఇందులో సగం నిద్రలేమి. వరసగా 17 గంటలు మేలుకున్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి పనితీరుకు దగ్గరగా ఉంటుందని 1990ల చివర్లో చేసిన పరిశోధనలు తేల్చాయి. అంటే రాత్రి రెండింటికి మీరు ఇంటికి తాగని మత్తులో వస్తున్నారు. ఆ స్థితిలో బండి నడపడం మానండి, వీలుంటే ఎవరితోనైనా రండి. గుమ్మంలో అడుగుపెట్టగానే స్టేషన్ కథ మొదలెట్టవద్దు. స్నానం, తిండి, అరగంట మౌనం. ఆ మౌనం అలక కాదని భార్యకు ముందే చెప్పి ఉంచండి. పడుకునే ముందు ఆరు గంటలు టీ, కాఫీ వద్దు. పగలు పడుకుంటే గది చీకటిగా ఉండాలి, ఫోన్ వేరే గదిలో.

రాజీనామా మాట ఇప్పుడు తేల్చకండి. రెండు రోజులు వరసగా నిద్రపోయాక, చేతిలో ఆ పుస్తకం పెట్టుకుని, ఇద్దరూ కూర్చుని మాట్లాడండి. బదిలీ అడగడం కూడా ఒక దారి, దానికి కారణం కుటుంబ అవసరమని రాస్తే చాలు. ఆమె అడుగుతున్నది నిజానికి ఉద్యోగం మానమని కాకపోవచ్చు. ఎప్పుడొస్తారో తెలియక తెల్లవార్లూ కూర్చోవడం ఆమెను ఎక్కువ వేధిస్తుండొచ్చు. ఆలస్యమయ్యేలా ఉంటే రాత్రి ఎనిమిదింటికల్లా ‘ఈ రాత్రి లేటు, తినేయండి’ అని ఒక్క మెసేజ్ పెట్టండి. సార్‌కి పంపే మెసేజ్ కన్నా ముందు అది వెళ్లాలి.