తెర చూసి కాదు, అడుగు చూసి కొనండి

పడవ పనిముట్ల మీద పాఠకుల ప్రశ్నలు. జవాబులు చెబుతున్నది విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ముప్పై ఏళ్ళు బోట్ల ఎలక్ట్రానిక్ పరికరాలు బిగించి, బాగుచేసి, ఇప్పుడు ఇంటి పట్టున ఉంటున్న మెకానిక్.

ప్రశ్న: మాది విశాఖ జాలరిపేట. అన్నదమ్ములం ఇద్దరం కలిసి 28 అడుగుల ఫైబర్ బోటు కొన్నాం. ఔట్‌బోర్డ్ ఇంజను. ఇరవై నుంచి నలభై బారల (బార అంటే సుమారు ఆరడుగులు) లోతులో, ఎక్కువగా గాలాలతో వేట. ఇన్నాళ్ళూ నాన్న కొండ గుర్తులు చూసి చేపలుండే రాళ్ళ మీదకు తీసుకెళ్ళేవారు. ఈ మధ్య చూపు తగ్గి ఆయన రావడం లేదు. బోటు ఎక్కడుందో మ్యాపు మీద చూపే జీపీఎస్ చార్ట్‌ప్లాటర్, చేపల సోనార్ కలిసి ఉన్న యంత్రం కొందామనుకుంటున్నాం. దుకాణంలో తొమ్మిదంగుళాల తెర, సైడ్ స్కాన్ (బోటుకు రెండు పక్కలా చూసే సోనార్) ఉన్నదే తీసుకోమంటున్నారు. అప్పు చేసి కొనాలి. ఏది తీసుకోమంటారు బాబాయి గారూ?

జవాబు: ముందు నేనొక ప్రశ్న అడుగుతాను తమ్ముడూ. వేట అయ్యాక మీ బోటు ఎక్కడ ఉంటుంది? జెట్టీకి కట్టి ఉంటుందా, ఇసుక మీదకు లాగుతారా? జాలరిపేట అన్నారు కనుక లాగుతారనే అనుకుంటున్నాను. ఈ మాట దుకాణంలో ఎవరూ అడిగి ఉండరు. మీరు కొనే యంత్రం ఎన్నాళ్ళు బతుకుతుందో తేల్చేది మాత్రం అదే.

సోనార్‌లో అసలు పని చేసేది తెర కాదు, అడుగున ఉండే ట్రాన్స్‌డ్యూసర్. అరచేతిలో పట్టే ఆ ముక్క నీళ్ళలోకి శబ్దం పంపి, తిరిగి వచ్చే ప్రతిధ్వని కోసం చెవి ఒగ్గి ఉంటుంది. సముద్రపు నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది. నలభై బారల అడుగును తాకి వెనక్కి రావడానికి సెకనులో పదో వంతు చాలు. ఆ వ్యవధిని బట్టే యంత్రం లోతు లెక్కకడుతుంది. చాలా చేపల కడుపులో గాలితిత్తి ఉంటుంది. శబ్దాన్ని గట్టిగా వెనక్కి కొట్టేది ప్రధానంగా అదే. తెర చేసేదల్లా విన్నదాన్ని బొమ్మ గీయడం. చెవిటి ట్రాన్స్‌డ్యూసర్‌కు పెద్ద తెర తగిలిస్తే అబద్ధం పెద్దదిగా కనిపిస్తుంది, అంతే.

మామూలుగా దాన్ని బోటు వెనక పలకకు బయటివైపు బిగిస్తారు. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో మీ పేటలోనే ఒక బోటుకు అలా బిగించి, పని బాగా కుదిరిందని మురిసిపోయాను. నాలుగో రోజు బోటును ఇసుక మీదకు ఎక్కిస్తుంటే బ్రాకెట్‌తో సహా ఊడి, కేబులు తెగింది. యజమాని ఒక్క మాట అనలేదు. విరిగిన ముక్క తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది. కొత్తది నా డబ్బుతోనే తెచ్చాను.

అందుకని మీకు రెండే దారులు. ఒకటి, బోటు లోపలి నుంచి అడుగుకు అంటించడం. గట్టి ఫైబర్ గుండా శబ్దం పోతుంది, చెక్కో ఫోమో మధ్యలో పెట్టి చేసిన చోట పోదు. అంటించే ముందు పరీక్షించండి. పల్చటి ప్లాస్టిక్ సంచిలో నీళ్ళు పోసి, ట్రాన్స్‌డ్యూసర్‌ను అందులో ఉంచి మూతి కట్టి, తడిపిన అడుగు మీద పెట్టి లోతు చూడండి. తాడుకు సీసం గుండు కట్టి కొలిచిన లోతుతో అది సరిపోతే చోటు మంచిదే. ఎపాక్సీతో అంటించేటప్పుడు గాలి బుడగ ఒక్కటి కూడా మిగలకూడదు. ఈ పద్ధతిలో శబ్దం బలం కొంత ఫైబర్‌లోనే పోతుంది. నీటి వేడి కూడా సరిగా చూపదు, అది చూపేది బోటు అడుగు వేడిని. రెండో దారి, పైపుకు బిగించి వేట చోటికి చేరాక పక్కనుంచి నీళ్ళలోకి దించడం. గాలం వేసేటప్పుడు బోటు నిలిచే ఉంటుంది కనుక మీకు ఇదే నయమని నా అభిప్రాయం. ఒడ్డుకు వచ్చే ముందు మరిచిపోకుండా పైకి తీయాలి.

సైడ్ స్కాన్ సంగతి. అది 455, 800 కిలోహెర్ట్జ్ వంటి సన్నటి శబ్దాలతో పని చేస్తుంది. చెరువులూ జలాశయాలూ అయితే దాని బొమ్మ ఫొటోలా ఉంటుంది. ఉప్పునీరు ఆ శబ్దాన్ని త్వరగా మింగేస్తుంది, నలభై బారల దగ్గర దానికి పెట్టిన డబ్బు గిట్టుబాటు కాదు. మీకు కావలసినవి 50, 200 కిలోహెర్ట్జ్ రెండూ పలికే ట్రాన్స్‌డ్యూసర్, 600 వాట్ల బలం. 200 సన్నగా, స్పష్టంగా చూస్తుంది. ముప్పై బారల దగ్గర దాని శబ్దం అడుగున పడేది దాదాపు పన్నెండు మీటర్ల వలయం అనుకోండి. 50 అదే చోట నలభై అయిదు మీటర్ల మేర పరుచుకుంటుంది. ట్రాన్స్‌డ్యూసర్‌ను బట్టి ఈ కొలతలు కొంత మారతాయి. కొత్త చోటు వెతికేటప్పుడు 50 పెట్టి, రాయి దొరికాక 200కు మారండి. 50లో కనిపించిన చేప బోటు కిందే ఉందని నమ్మకండి, ఇరవై మీటర్లు పక్కన కూడా ఉండవచ్చు. చర్ప్ ఉన్నదయితే మరీ మంచిది. ఒకే స్వరం కాకుండా కింది నుంచి పైకి జారే స్వరం పంపి, అడుగును అంటుకుని ఉన్న చేపను నేల నుంచి విడదీసి చూపుతుంది. డబ్బు పెట్టవలసింది అక్కడ.

తెర ఏడంగుళాలు చాలు. ఎండలో కనిపించాలి, బొత్తాలు ఉండాలి. తడి వేళ్ళకు టచ్ తెర మాట వినదు. కంపెనీ గురించి నాకు పట్టింపు లేదు. ఫురునో వారు 1948లోనే చేపలను కనిపెట్టే యంత్రాన్ని అమ్మకానికి తెచ్చిన పాతకాపులు. గార్మిన్, లోరెన్స్ కూడా మంచివే. పాడైతే విశాఖలోనే బాగుచేసే మనిషి ఉన్నాడా అన్నది కనుక్కోండి, చాలు. విడిగా అమ్మే ఖరీదైన సముద్రపు మ్యాపుల కార్డు ఇప్పుడే వద్దు. మీ పేటవాళ్ళు చెప్పుకునే ప్రతి చిన్న రాయీ వాటిలో ఉండదు.

అవి ఉన్నది మీ నాన్నగారి తలలో. ఆయన చేసేదీ రెండు గీతలు కలిసే చోటు పట్టుకోవడమే. డాల్ఫిన్స్ నోస్ మీది దీపస్తంభం వెనక కొండకు సూటిగా వస్తే ఒక గీత, భీమిలి వైపు మరో రెండు గుర్తులు కలిస్తే రెండోది. యంత్రం బిగించాక నాలుగు రోజులు ఆయనను బతిమాలి తీసుకెళ్ళండి. ఆయనకు కొండ కనిపించకపోతే మీరు చూసి చెప్పండి, "ఇక్కడే" అన్న ప్రతిచోటా గుర్తు నొక్కండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కనుక అంతకు ముందే కానివ్వండి. అదే రోజు సాయంత్రం ఆ గుర్తుల అక్షాంశ రేఖాంశాల అంకెలు నోటుపుస్తకంలోకి ఎక్కాలి. యంత్రం చచ్చిపోయి ఏళ్ళ తరబడి దాచుకున్న గుర్తులన్నీ పోగొట్టుకున్న సరంగులు నా కొట్టు ముందు కూర్చుని ఏడవడం చూశాను.

కరెంటు మాట మరిచాను. ఏడంగుళాల యంత్రం గంటకు ఒకటి, ఒకటిన్నర ఆంపియర్-అవర్ తాగుతుంది. తాడు లాగి నడిపే చిన్న ఇంజను అయితే చాలావాటికి బ్యాటరీ నింపే ఏర్పాటు ఉండదు. 12 వోల్టుల 40 ఆంపియర్-అవర్ బ్యాటరీ మూత ఉన్న పెట్టెలో పెట్టుకుని, ఇంటికి తెచ్చి చార్జి చేసుకోండి. ప్లస్ తీగకు ఫ్యూజు తప్పనిసరి. తగరం పూత ఉన్న రాగి తీగే వాడండి. మామూలు తీగ ఒక్క వర్షాకాలంలో లోపల నల్లబడుతుంది.

ప్రశ్న: రుషికొండ దగ్గర పర్యాటకుల బోటు నడుపుతాను. నెమ్మదిగా పోతే లోతు చూపిస్తుంది, వేగం పెంచగానే అంకె ఎగిరిపోతుంది. యంత్రం మార్చాలా?

జవాబు: వద్దు. ట్రాన్స్‌డ్యూసర్ ముఖం కిందకు గాలి బుడగలు వస్తున్నాయి, శబ్దం వాటిని దాటలేదు. దాన్ని పంఖాకు కనీసం మూరెడు దూరం జరపండి. దాని ముందు బోటు అడుగున మేకు తలలు, అంచులు, మెట్లు లేకుండా చూడండి. ముఖం అడుగు కన్నా కొద్దిగా కిందకు ఉండాలి. నాచు, గుల్లలు పట్టి ఉంటే మెత్తటి గుడ్డతో తుడవండి. కత్తితో గీకవద్దు.

ప్రశ్న: ఫోనులో జీపీఎస్ ఉంది కదా, చార్ట్‌ప్లాటర్ ఎందుకు? (పూడిమడక నుంచి)

జవాబు: సిగ్నల్ లేని చోట కూడా ఫోను జీపీఎస్ పని చేస్తుంది, నిజమే. ఎండలో తెర కనిపించదు, ఉప్పు నీరు దాని చార్జింగు రంధ్రాన్ని తినేస్తుంది, మధ్యాహ్నానికి బ్యాటరీ అయిపోతుంది. మూత బిగించిన డబ్బాలో రెండో జీపీఎస్‌గా ఉంచుకోండి. ఆపదలో కోస్ట్‌గార్డ్ నంబరు 1554 అందులో ఉండనివ్వండి, తీరం దగ్గర సిగ్నల్ ఉన్నంతవరకు పలుకుతుంది.

ప్రశ్న: ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) వారు చేపలున్నాయని ఇచ్చిన చోటు జీపీఎస్‌లో కొట్టి వెళితే ఎప్పుడూ పక్కకే పోతున్నాం. వారి లెక్క తప్పా? (భీమిలి నుంచి)

జవాబు: తప్పు వారి లెక్కది కాదు, మీ యంత్రంలో అమరికది. హైదరాబాద్ నుంచి వచ్చే ఆ సూచనలో అక్షాంశ రేఖాంశాలు డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో ఉంటాయి. చాలా యంత్రాలు డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో దశాంశాలు అడుగుతాయి. 17 డిగ్రీల 40 నిమిషాల 30 సెకన్లు అంటే 17 డిగ్రీల 40.500 నిమిషాలు. మీరు 40.30 అని కొట్టి ఉంటారు. అక్షాంశంలో నిమిషమంటే ఒక నాటికల్ మైలు, 1852 మీటర్లు. 0.2 నిమిషాల తేడాకు 370 మీటర్లు తప్పిపోతారు. మరో సంగతి, ఆ సూచన ఉపగ్రహం చూసిన నీటి వేడి, పచ్చదనం ఆధారంగా ఇచ్చేది. అదొక ప్రాంతం, రాయిలా ఒకే చోట కూర్చుని ఉండదు, చేరేలోపు ప్రవాహంతో జరుగుతుంది. సెట్టింగుల్లో స్థానం రాసే పద్ధతి మార్చి, ముందు మీ ఒడ్డు స్థానం కొట్టి చూడండి. బాణం గుర్తు మీ కాళ్ళ కిందకు వస్తే సరిపోయినట్టే.