కావలి కోర్టులో స్థలం దావా పోయింది. జడ్జి మీద ఫేస్‌బుక్‌లో రాస్తే కంటెంప్ట్ (కోర్టు ధిక్కారం) అవుతుందా?

తీర్పు తప్పని రాస్తే కాదు. జడ్జి డబ్బు తిన్నాడని రాస్తే అవుతుంది. మీరు రాయాలనుకుని ఇక్కడ పెట్టిన పోస్టులో, తీర్పు తప్పని చెప్పే మొదటి పేరాకి ఇబ్బంది లేదు. "అవతలివాళ్ల దగ్గర ఎంత ముట్టిందో?" అన్న ముక్క మాత్రం తీసెయ్యండి.

ప్రశ్నలా అడిగితే పట్టుకోలేరులే అనుకోకండి. 1949లో నెల్లూరు నుంచి వచ్చే 'ప్రజారాజ్యం' వారపత్రిక, ఫలానా సబ్ మేజిస్ట్రేటు లంచగొండా అని ప్రశ్నగానే శీర్షిక పెట్టింది. మేనేజింగ్ ఎడిటరు బత్తిన రామకృష్ణారెడ్డికి మద్రాసు హైకోర్టు మూడు నెలల సాధారణ జైలు వేసింది. 1952లో సుప్రీంకోర్టు అప్పీలు కొట్టేసింది. ఆరోపణలు నిజమైతే బయటపెట్టడం జనానికి మంచిదేనని అదే తీర్పులో ఉంది. కానీ ఆయన రాసింది వాళ్లూ వీళ్లూ చెప్పుకున్న మాట, విచారించుకోలేదు, చింతిస్తున్నానని కూడా అనలేదు.

ఇప్పుడున్నది 1971 కోర్టు ధిక్కార చట్టం. ఆరు నెలల దాకా జైలు, 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కింది కోర్టు జడ్జి మీద రాసినదానికి శిక్ష వేసేది హైకోర్టే, ఇద్దరు జడ్జిల బెంచి. అవతలి ప్లీడరు నేరుగా కేసు వెయ్యలేడు. ఆ కింది కోర్టు హైకోర్టుకి రాయాలి, లేదా అడ్వకేట్ జనరల్ (రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయవాది) కదలాలి, లేదా హైకోర్టే సొంతంగా చేపట్టాలి. గడువు ఏడాది. పోస్టు తీసేసినా స్క్రీన్‌షాట్లు ఉంటాయి.

2006 సవరణతో, రాసింది నిజమని చూపించడం కూడా రక్షణ అయింది, అదీ ప్రజాప్రయోజనం, సదుద్దేశం ఉంటేనే. రుజువు చేతిలో ఉందా? అయితే ఫేస్‌బుక్ దేనికి? హైకోర్టు రిజిస్ట్రారుకి పంపండి. సదుద్దేశంతో హైకోర్టుకి ఇచ్చే ఫిర్యాదుకి అదే చట్టంలో 6వ సెక్షన్ రక్ష ఉంది. తేదీ, దావా నంబరు, ఏం జరిగింది, ఎవరు చూశారు, అన్నీ రాసి అఫిడవిట్ జత చెయ్యండి. పేరులేని ఉత్తరాన్ని పట్టించుకోరు.

పోస్టు రాయాలనే ఉంటే పేరా నంబరు పెట్టి రాయండి: "12వ పేరాలో సర్వేయరు రిపోర్టుని పక్కన పెట్టారు, కారణం రాయలేదు." అప్పీలుకి వెళ్తున్నారు గనక అది కూడా ఆచితూచి. నన్నడిగితే అప్పీలు తేలిందాకా ఊరుకోవడమే మేలు.

అప్పీలుకి జిల్లా కోర్టులో 30 రోజులే. తీర్పు సర్టిఫైడ్ కాపీకి (కోర్టు ధ్రువీకరించి ఇచ్చే నకలు) ఈరోజే అర్జీ వెయ్యండి. కాపీ తయారవడానికి పట్టిన రోజులు గడువులోంచి మినహాయిస్తారు, మీరు ఆలస్యంగా అడిగిన రోజులు మినహాయించరు.