అన్ని చెట్లకూ ఒకే నీటి లెక్క వద్దు

ప్రశ్న: మాది వరంగల్ జిల్లా నర్సంపేట దగ్గరి పల్లె. ఇంటి వెనుక నాలుగు గుంటల నల్లరేగడిలో మామిడి, జామ, నిమ్మ, సపోటా చెట్లున్నాయి. వయసు ఏడేళ్లు. బోరు నీళ్లు పైపుతో అన్నిటికీ రోజు విడిచి రోజు పెడుతున్నాం. నిమ్మకు బట్టలుతికే బండ దగ్గరి నీళ్లు కూడా పారతాయి. దాని ఆకులు పసుపు పచ్చగా మారాయి, మొదలు దగ్గర జిగురు కారుతోంది. బేనిషాన్ మామిడికి దసరా ముందు పశువుల ఎరువు, యూరియా వేస్తే చిగుళ్లు వచ్చాయి, పూత మాత్రం ఏటా అంతంతే. జామకాయలు వానాకాలంలో పురుగు పట్టి రాలిపోతున్నాయి. ఏ మందు కొట్టాలి? ఇంకో రెండు మొక్కలకు చోటుంది, ఏవి పెట్టమంటారు?
– ఒక మహిళా రైతు

జవాబు: అమ్మా, మందుల దుకాణానికి వెళ్లే ముందు ఆ పైపు సంగతి చూడండి. నల్లరేగడి ఒకసారి బాగా తడిస్తే చలికాలంలో వారం పది రోజులైనా తేమ వదలదు. అలాంటి నేలలో రోజు విడిచి రోజు నీళ్లు పెడితే వేళ్లకు గాలి అందదు. మీ మూడు ఇబ్బందులకూ కారణాలు వేరైనా, మూడింటిలోనూ నీటి వాటా ఉంది.

ముందు నిమ్మ సంగతి, ఎందుకంటే ప్రాణం మీదికి వచ్చింది దానికే. జిగురు కారడం వేరుకుళ్లు శిలీంధ్రం పని. మొదలు ఎప్పుడూ తడిగా ఉంటే అది బెరడులోకి దిగుతుంది. చెట్టు మొదట్లో మట్టి ఎగదోసి ఉంటే వెంటనే తీసేసి, అంటు కట్టిన చోటు నేలకు పైన కనిపించేలా చేయండి. జిగురు ఉన్న చోట చాకుతో గీకితే గోధుమ రంగులో కుళ్లిన బెరడు కనిపిస్తుంది. తాజా బెరడు తగిలేదాకా దాన్ని చెక్కేసి, ఆ ముక్కలను ఏరి కాల్చేయండి. తర్వాత బోర్డో పేస్ట్ పూయాలి. ఒక చెట్టుకు 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీటిలో, 100 గ్రాముల సున్నం ఇంకో అర లీటరులో, వేర్వేరు ప్లాస్టిక్ బకెట్లలో కలిపి, రెండింటినీ ఒకేసారి మూడో బకెట్లో పోయండి. ఇనుప చాకు కొన అందులో కాసేపు ముంచి తీయండి. దానికి ఎర్రటి పూత అంటితే సున్నం చాలలేదని అర్థం, ఇంకొంచెం కలపండి. పేస్ట్ ఏ రోజుది ఆ రోజే వాడాలి. వానలకు ముందు మరోసారి పూయండి.

సబ్బు నీళ్లు మాత్రం ఈ రోజే మళ్లించండి. ఆ కాలువ పక్కన రెండు అరటి పిలకలు నాటుకోవచ్చు. సబ్బులోని సోడా నేలను చౌడుబారుస్తుంది. అలాంటి నేలలో జింకు ఉన్నా చెట్టుకు అందదు. ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపు తిరిగి, కొత్త ఆకులు చిన్నగా వస్తుంటే అది జింకు లోపమే. లీటరు నీటికి 5 గ్రాముల జింకు సల్ఫేట్, 10 గ్రాముల యూరియా కలిపి కొత్త చిగురు మీద పిచికారీ చేయండి. ఇకపై మొదలుకు రెండడుగుల దూరంలో ఒక చిన్న కట్ట, కొమ్మల అంచు కింద ఇంకో కట్ట వేసి, ఆ రెండింటి మధ్యే నీళ్లు పెట్టండి. నీరు తాగే సన్న వేళ్లు ఉండేది అక్కడే. బెరడు చుట్టూ సగానికి పైగా కుళ్లి ఉంటే మాత్రం ఆ చెట్టుపై ఆశ పెట్టుకోకండి. గజ్జి తెగులును తట్టుకునే బాలాజీ రకం మొక్కను వేరే గుంతలో పెట్టుకోండి.

మామిడికి ఇప్పటి నుంచి నీళ్లు పూర్తిగా ఆపేయండి. కార్తీకంలో నేల ఆరి, చలి పడితేనే ముదిరిన కొమ్మలు పూమొగ్గ కడతాయి. తడి, యూరియా రెండూ ఉంటే కొమ్మ చిగురు వేస్తుంది. ఆ లేత కొమ్మ ఈ ఏడు పూయడం కష్టం. ఎరువు వేయాల్సింది కాయలు కోశాక, జూన్–జులైలో. ఏడేళ్ల చెట్టుకు పశువుల ఎరువుతో పాటు సుమారు ఒకటిన్నర కిలోల యూరియా, 4.4 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, 1.2 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ సరిపోతాయి. పూమొగ్గ బయటపడగానే బూడిద తెగులు రాకుండా లీటరుకు 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం ఒకసారి పిచికారీ చేయండి. పూత విచ్చుకున్నాక ఏ మందూ కొట్టొద్దు. ఈగలు, తేనెటీగలు వాలితేనే పిందె నిలుస్తుంది. పిందె బఠాణీ గింజంత అయ్యాక మళ్లీ నీళ్లు పెట్టండి. పూత తెప్పిస్తుందని కల్టార్ అనే మందు కొనమని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. ఇంటి చెట్టుకు ఆ అవసరం లేదు, పైగా దాన్ని వేసే అదనూ దాటిపోయింది.

జామకు వానాకాలపు కాతే వదులుకోండి. ఈ మాట మీకు నచ్చకపోవచ్చు. కానీ పండు ఈగ ఉద్ధృతి అప్పుడే ఎక్కువ, ఆ కాయకు రుచీ తక్కువ. ఈగ కాయ తోలు కింద గుడ్లు పెడుతుంది, పురుగు లోపలే పెరుగుతుంది కాబట్టి పైన కొట్టిన మందు దాన్ని చేరదు. పిల్లలు కోసుకుని తినే చెట్టుకు మందు కొట్టడం అసలే తగదు. ఫిబ్రవరి నుంచి మే సగం దాకా నీళ్లు ఆపి, ఆ రోజుల్లో వచ్చిన పూత రాల్చేయండి. మేలో కొత్త కొమ్మలను సగానికి కత్తిరించి, ఎరువు వేసి, తడి పెట్టండి. మృగశిర వానలకు వచ్చే పూత చలికాలంలో తీయటి కాయనిస్తుంది. కాయలు నిమ్మకాయంత అయ్యాక కాగితపు సంచులు కట్టండి. పండు ఈగను రప్పించే మిథైల్ యూజినాల్ ఎర బుట్టలు రెండు వేలాడదీయండి, వేసవిలో మామిడికీ అవే పనికొస్తాయి. అయితే వాటిలో పడేవి మగ ఈగలే. కాయ పండాక ఈ బుట్టలు కట్టి లాభం లేదు, నెలన్నర ముందే కట్టాలి. రాలిన కాయలను పెంటకుప్పలో వేయకండి. పురుగు మట్టిలో దూరి మళ్లీ ఈగగా లేస్తుంది. రెండడుగుల గుంత తీసి పూడ్చేయండి.

సపోటా గురించి మీరేమీ రాయలేదు, అది సాధారణంగా పెద్దగా ఇబ్బంది పెట్టదు కూడా. తడి తగ్గిస్తే చాలు.

కొత్తగా పెట్టాలంటే సీతాఫలం మేలు, అందులోనూ బాలానగర్ రకం. నీళ్లు పెద్దగా అడగదు, చలికాలంలో ఆకు రాల్చి వేసవిలో మళ్లీ చిగురిస్తుంది. కోతుల బెడద మాత్రం దానికీ తప్పదు, ఆ విషయంలో నా దగ్గరా మందు లేదు. మీది నల్లరేగడి కాబట్టి పెరట్లో కాస్త ఎత్తుగా, నీరు జారే చోటు చూడండి. రెండో చోటును అప్పుడే నింపకండి, నిమ్మ బతుకుతుందో లేదో తేలాక ఆలోచించవచ్చు. రెండడుగుల గుంత వేసవిలోనే తీసి ఎండబెట్టి, మాగిన పశువుల ఎరువు మట్టితో కలిపి నింపి, మొక్కను వానలు నిలకడగా పడ్డాక నాటండి. అంటు మొక్క తెచ్చినట్లయితే అంటు కట్టు నేలకు జానెడు పైన ఉండాలి.