సీఆర్‌పీ పెరిగిందా, యూనిట్ మారిందా?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు, షుగర్ ఉంది. జ్వరం, దగ్గు మొదలైన మూడో రోజున ఫ్లూ అని తేలింది. ఆ రోజు సీఆర్‌పీ 4.8. రెండు రోజులాగి ఇంకో ల్యాబ్‌లో చేయిస్తే 39. డీ-డైమర్ 610. ఆక్సిజన్ మాత్రం 96 చూపిస్తోంది. ఆస్పత్రిలో చేర్చాలా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి, అంకె పక్కనున్న చిన్న అక్షరాలు చదవండి. సీఆర్‌పీ అంటే ఒంట్లో వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఎంతుందో చూపే రక్తపరీక్ష. దాన్ని కొన్ని ల్యాబ్‌లు డెసిలీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని ఇస్తాయి, కొన్ని లీటరుకు ఇస్తాయి. నార్మల్ గడిలో ‘0.5 లోపు’ అని ఉంటే డెసిలీటరు లెక్క, ‘5 లోపు’ అని ఉంటే లీటరు లెక్క. మొదటిది డెసిలీటరు లెక్కయితే ఆ 4.8 అంటే లీటరుకు 48. అంటే మీరు కంగారుపడ్డ 39 నిజానికి తగ్గుదలే. రెండూ లీటరు లెక్కే అయితే మాత్రం పెరిగినట్టే. ఆ రోజే డాక్టరుకు చూపించండి.

సీఆర్‌పీ కాలేయంలో తయారవుతుంది. వాపు మొదలైన ఆరెనిమిది గంటలకు పెరగడం మొదలై, దాదాపు రెండు రోజులకు గరిష్ఠానికి చేరుతుంది. కారణం తగ్గితే సుమారు 19 గంటలకోసారి సగమవుతుంది. అందుకే జ్వరం వచ్చిన పూటే చేయించిన పరీక్షను నమ్ముకోకూడదు.

రక్తం గడ్డకట్టిందేమో చూసే డీ-డైమర్‌కూ ఇదే తంటా. ఎఫ్‌ఈయూ, డీడీయూ అని రెండు లెక్కలున్నాయి. మొదటిది రెండోదానికి ఇంచుమించు రెట్టింపు. ఎఫ్‌ఈయూలో మామూలు హద్దు మిల్లీలీటరుకు 500 నానోగ్రాములు. రక్తం గడ్డకట్టిందన్న అనుమానం తక్కువగా ఉన్నప్పుడు, 50 దాటినవారికి వయసును పదితో హెచ్చించి చూస్తారు. 64 ఏళ్లకు 640. పైగా ఏ ఇన్ఫెక్షన్‌లోనైనా ఇది కాస్త పెరుగుతుంది. ఒక కాలే వాచడం, హఠాత్తుగా ఛాతీనొప్పి, ఆయాసం లేకుండా ఈ అంకె చూసి రక్తం పల్చబడే మాత్రలు సొంతంగా మొదలుపెట్టొద్దు.

నన్నడిగితే, ఖరీదైన ప్యాకేజీ కంటే మామూలు సీబీసీయే (రక్తకణాల లెక్క) ముందు చూడాలి. తెల్లకణాల్లో ఒక రకమైన లింఫోసైట్ల శాతం కాదు, సంఖ్య లెక్కేయండి. తెల్లకణాలు 4,200, లింఫోసైట్లు 18 శాతం అయితే 756. పెద్దవాళ్లలో వెయ్యి లోపు తక్కువే. కణాలు దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్ ఒక్కటే ఎక్కువొస్తే శాంపిల్‌లో ఎర్రకణాలు పగిలాయేమో ల్యాబ్‌ను అడగండి. అదే చాలు ఆ అంకె పెరగడానికి.

ఆస్పత్రి నిర్ణయం వీటితో జరగదు. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, గోరింటాకు, గోళ్లరంగు లేని వేలికి ఆక్సిమీటర్ పెట్టి, అంకె నిలకడగా నిలిచాక రాసుకోండి. నిమిషం పాటు ఊపిరి లెక్కించండి. ఆక్సిజన్ 94 లోపైనా, ఊపిరి 24కు చేరినా, మాట తడబడినా సీఆర్‌పీ ఎంతున్నా బయల్దేరండి. ఫ్లూ మందు ఓసెల్టామివిర్ జబ్బు మొదలైన 48 గంటల్లోపు మొదలైతే మేలు ఎక్కువ. షుగర్ ఉన్నవారికి ఆలస్యమైనా ఇస్తుంటారు, ఇంకా మొదలుకాకపోతే ఈ రోజే అడగండి.

ప్రశ్న: కోవిడ్‌కు డెక్సామెథాసోన్ వాడుతున్నాం. తెల్లకణాలు 7,000 నుంచి 14,000 అయ్యాయి. బ్యాక్టీరియా కూడా చేరిందా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఒక్క ఆ అంకెతో చెప్పలేం. డెక్సామెథాసోన్ ఒక స్టెరాయిడ్. అది పడగానే రక్తనాళాల గోడలకు అంటుకుని ఉన్న న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు ప్రవాహంలోకి వచ్చేస్తాయి, లింఫోసైట్లు తగ్గుతాయి. దాంతో ఎన్‌ఎల్‌ఆర్ (న్యూట్రోఫిల్స్, లింఫోసైట్ల నిష్పత్తి) కూడా పెరుగుతుంది. సీఆర్‌పీ పడిపోతుంది, అదీ పూర్తిగా నమ్మదగ్గది కాదు. మళ్లీ జ్వరం, పచ్చని కఫం, తగ్గుతున్న ఆక్సిజన్ ఉంటే డాక్టరు బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్‌లో పెరిగే ప్రోకాల్సిటోనిన్ పరీక్ష రాయొచ్చు. కిడ్నీ జబ్బున్నవారిలో అది ముందే ఎక్కువుంటుందని గుర్తుచేయండి.

అసలు ఆక్సిజన్ అవసరమైందా అన్నది చూసుకోండి. 2020లో బ్రిటన్‌లో జరిగిన ‘రికవరీ’ అనే ట్రయల్‌లో రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్ ఆక్సిజన్ పెట్టాల్సొచ్చిన వారికే పనిచేసింది, అక్కర్లేనివారికి మేలు కనబడలేదు. ఎవరు రాశారో, ఎన్ని రోజులకు రాశారో చీటీ తీసి చూడండి.