కరెంటు పోయి వచ్చినా ఐపీ మారకుండా ఉండాలంటే

గుంటూరు బ్రాడీపేటలో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మీ కంప్యూటర్ ఐపీ (నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తించడానికి రూటర్ ఇచ్చే నంబరు) మారిపోయి, దానికి కలిపిన ప్రింటర్ లాప్‌టాప్‌కి దొరకడం లేదన్నారు కదండీ. టెన్షన్ పడకండి, ప్రింటర్ బాగానే ఉంది.

విండోస్ 11లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ఈథర్‌నెట్ తెరిచి, ఐపీ అసైన్‌మెంట్ పక్కన ఎడిట్ నొక్కి, మాన్యువల్ ఎంచుకుని ఐపీవీ4 ఆన్ చేయండి. రూటర్ 192.168.1.1 అయితే గేట్‌వే, డీఎన్ఎస్ రెండింటికీ అదే ఇవ్వొచ్చు. ఐపీ 192.168.1.200, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0. ఒక్కటి మాత్రం మరవద్దు: ఆ 200 రూటర్ తనంతట తానే పంచే నంబర్ల వరుసలో (డీహెచ్‌సీపీ రేంజ్) ఉండకూడదు. ఉంటే అదే నంబరు ఇంట్లో ఇంకో ఫోన్‌కి వెళ్లి రెండింటికీ నెట్ తెగుతూ ఉండొచ్చు.

నన్నడిగితే రూటర్‌లో అడ్రస్ రిజర్వేషన్ ఉంటే అదే మేలు. కంప్యూటర్ మాక్ అడ్రస్‌కి (దాని నెట్‌వర్క్ కార్డుకి ఉండే గుర్తింపు సంఖ్య) రూటర్‌లో ఒక ఐపీ కేటాయిస్తే చాలు, కంప్యూటర్‌లో ఏమీ మార్చక్కర్లేదు. తర్వాత లాప్‌టాప్‌లో ప్రింటర్‌ని ఆ ఐపీతో మళ్లీ యాడ్ చేసుకోండి.