పెద్దపేగు క్యాన్సర్‌లో కణితి జన్యు పరీక్ష చికిత్సను ఎలా మారుస్తుంది?

వ్యాధి ఇతర అవయవాలకు వ్యాపించినప్పుడు, తొలి మందును ఎంచుకునే ముందే ఈ పరీక్ష నివేదిక చేతికి రావడం చాలా అవసరమని నా దృఢమైన అభిప్రాయం. సుమారు సగం మంది రోగుల కణితుల్లో కనిపించే కేరాస్ లేదా ఎన్‌రాస్ జన్యువుల ఉత్పరివర్తన (మార్పు) ఉంటే, పెరుగుదల సంకేతం కణం లోపలే నిరంతరం వెలువడుతూ ఉంటుంది కాబట్టి, కణం ఉపరితలంపై ఆ సంకేతాన్ని అందుకునే ఈజీఎఫ్‌ఆర్ గ్రాహకాన్ని అడ్డుకునే సెటుక్సిమాబ్, పానిటుముమాబ్ మందులు సాధారణంగా ఫలించవు. దుష్ఫలితాలు మాత్రం మిగులుతాయి. బీరాఫ్ అనే మరో జన్యువులో వీ600ఈ అనే మార్పు ఉన్నవారికి అదే సెటుక్సిమాబ్‌ను బీరాఫ్‌ను అడ్డుకునే ఎన్‌కొరాఫెనిబ్‌తో జతచేసి ఇస్తారు. డీఎన్‌ఏ పొరపాట్లను సరిదిద్దే వ్యవస్థ దెబ్బతిన్న కణితులు తక్కువే అయినా, వ్యాపించిన దశలో వాటిపై పెంబ్రోలిజుమాబ్ వంటి ఇమ్యునోథెరపీ (రోగనిరోధక వ్యవస్థ క్యాన్సర్‌పై పోరాడేలా చేసే చికిత్స) కీమోథెరపీకన్నా మెరుగ్గా పనిచేస్తుంది. ఈ లోపం క్యాన్సర్ ముప్పును పెంచే వంశపారంపర్యమైన లించ్ సిండ్రోమ్‌కు సూచన కావచ్చు గనుక, రక్తసంబంధీకుల పరీక్ష గురించి కూడా వైద్యులతో తప్పక చర్చించాలి.